పని తగ్గిపోతున్న వేటకుక్కను కాపాడుకోవడం ఎలా? జపాన్ షికోకు జాతి ముందున్న ప్రశ్న

1934 డిసెంబరులో జపాన్ ప్రభుత్వం కోషి అనే దేశవాళీ కుక్కజాతిని ‘సహజ స్మారకం’గా, అంటే చట్టం కాపాడే ప్రకృతి సంపదగా, ప్రకటించింది. హోన్షూ దీవిలో జపాన్ సముద్రం వైపున్న ఫుకుయి, ఇషికావా, తొయామా ప్రాంతాల కొండ ఊళ్లలో వేటకు వాడిన మధ్యరకం కుక్క అది. నలభై ఏళ్లు తిరక్కుండానే, 1970ల మొదట్లో, ఆ జాతి అంతరించిపోయింది. చట్టం ఉంది, గుర్తింపు ఉంది, కుక్క మాత్రం మిగల్లేదు.

జపాన్ దేశవాళీ కుక్కల గురించి రాసేటప్పుడు ఈ సంగతి మామూలుగా చివర్లో ఒక్క వాక్యంలో వచ్చి పోతుంది. అసలు అక్కడే మొదలుపెట్టాలి. 1931 నుంచి 1937 వరకు మొత్తం ఏడు జాతులకు ఈ గుర్తింపు దక్కింది. ముందు అకితా, 1934లో కాయ్, కిషూ, కోషి, 1936లో షిబా, 1937లో షికోకు, హొక్కైడో. ఇప్పుడు ఉన్నవి ఆరే. ఆ ఆరింటి లెక్కలోనూ పొంతన లేదు. జపాన్‌లో పెంచుతున్న ఈ ఆరు జాతుల కుక్కల్లో దాదాపు 80 శాతం షిబాలే. మన ఫోన్లలో మీమ్స్‌గా తిరిగే ఆ చిన్న ఎర్ర కుక్క అదే. మిగిలిన అయిదో వంతులో అయిదు జాతులు సర్దుకోవాలి.

ఆ అయిదింటిలో షికోకు జాతిని ప్రత్యేకంగా చూడాలి. ఎందుకంటే ఒక జాతిని కాపాడటానికి చేయాలని అందరూ చెప్పే పనులన్నీ దాని విషయంలో చేశారు. సంఘం పెట్టారు, వంశావళి పుస్తకాలు రాశారు, రూపానికి ప్రమాణాలు నిర్ణయించారు, ఏటా ప్రదర్శనలు జరుపుతున్నారు. అయినా ఆ జాతి భవిష్యత్తు గురించి దాన్ని పెంచేవాళ్లకు ధీమా లేదు. కుక్క రూపాన్ని కాపాడే ఏర్పాటు ఉంది గానీ, దాని పనిని కాపాడే ఏర్పాటు లేకపోవడమే ఇందుకు ప్రధాన కారణం.

షికోకు జపాన్ నాలుగు ప్రధాన దీవుల్లో అన్నిటికంటే చిన్నది. చిన్నదైనా మధ్యలో గోడ కట్టినట్టు కొండలే. పడమట ఇషిజుచి 1,982 మీటర్లు, తూర్పున త్సురుగి 1,955 మీటర్లు. కొండలకు దక్షిణాన పసిఫిక్ తీరం వెంట ఉన్నది కోచి ప్రిఫెక్చర్ (మన జిల్లా లాంటి పాలనా విభాగం), పాత పేరు తోసా. ఈ కుక్క పుట్టిల్లు అదే. లోయకీ లోయకీ మధ్య రాకపోకలు కష్టం కాబట్టి ఒక్కో చోట ఒక్కో రకం నిలబడింది. హోంగావా, హాతా, ఆవా అని పాత వేటగాళ్లు చెప్పే మూడు వంశాలు అలా ఏర్పడినవే. వీటిలో హోంగావా కుక్కలకు ‘కల్తీ లేనివి’ అన్న పేరు వచ్చింది. హోంగావా ఊరికి దారి లేకపోవడమే దానికి కారణం. బయటి కుక్క అక్కడిదాకా ఎక్కడం అరుదు. ఆ గ్రామం 2004లో ఇనో పట్టణంలో కలిసిపోయింది.

చూడటానికి మగకుక్క భుజం దగ్గర సుమారు 52 సెంటీమీటర్లు, ఆడది 49. నిక్కబొడుచుకుని కాస్త ముందుకు వాలిన చెవులు, కొడవలిలా లేదా చుట్టలా వీపు మీదికి తిరిగిన తోక, రెండు పొరల బొచ్చు. రంగు నువ్వుల రంగు అంటారు. ఎర్ర వెంట్రుకల మీద నల్ల కొసలు కలిసిపోయి, దూరానికి బూడిదగా కనిపిస్తుంది. బుగ్గలు, ఛాతీ కింద, కాళ్ల లోపలివైపు తెల్లగా ఉంటుంది. పలుచటి నడుము, పొడుగు మూతి కలిపి చూస్తే తోడేలు గుర్తొస్తుంది. జపాన్ తోడేలు చివరిసారి నికరంగా దొరికింది 1905లో, నారా ప్రాంతంలో. ఆ తర్వాత కూడా ‘తోడేలు కనబడింది’ అన్న వార్తలు వస్తూనే ఉన్నాయి. 2000లో క్యూషూ కొండల్లో ఒక జంతువును ఫొటోలు తీసినప్పుడు అది తోడేలా, షికోకు కుక్కా అని పెద్ద చర్చే నడిచింది.

ఈ దీవిలో మనిషికీ కుక్కకూ ఉన్న పొత్తు ఎంత పాతదో ఎహిమే ప్రిఫెక్చర్‌లోని కామికురోయివా గుహలో తేలింది. అక్కడ తవ్వకాల్లో మనుషుల అస్థికలతో పాటు, శ్రద్ధగా పూడ్చిపెట్టిన రెండు కుక్కల ఎముకలు బయటపడ్డాయి. రేడియోకార్బన్ పరీక్షల్లో వాటి వయసు 7,000 ఏళ్లు దాటింది. జపాన్‌లో కుక్కను ఖననం చేసిన ఆధారాల్లో ఇంతకన్నా పాతది లేదంటారు. అవే నేటి షికోకు కుక్కల ముత్తాతలు అని చెప్పడం తొందరపాటు అవుతుంది. మధ్యలో ఆసియా ఖండం నుంచి వలస వచ్చిన జనంతో పాటు కుక్కలూ వచ్చాయి, రక్తం కలిసింది. కానీ ఆ కొండల్లో వేటకు తోడుగా కుక్కను ఉంచుకోవడం అన్న పని మాత్రం అప్పటి నుంచీ ఉంది.

ఇంతకాలం నిలిచిన జాతికి ముప్పు వచ్చింది 1868 తర్వాత, మెయిజీ కాలంలో. రేవులు తెరుచుకున్నాయి, పాశ్చాత్య కుక్కలు దిగాయి. అవి హోదాకు గుర్తయ్యాయి. దేశవాళీ కుక్క వెనకబాటుకు గుర్తయింది. పిచ్చికుక్కల వ్యాధి భయంతో వీధికుక్కలను చంపడం మొదలైంది. పట్టణాల్లో, రైలు వెళ్లిన ప్రతిచోటా కలగలుపు జరిగింది. కోచిలో ఇది మరీ స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి పందేలరాయుళ్లు స్థానిక కుక్కలను మాస్టిఫ్, బుల్‌డాగ్ లాంటి విదేశీ జాతులతో కలిపి భారీ శరీరం గల పోట్లాట కుక్కను తయారుచేశారు. ఇప్పుడు ప్రపంచమంతా తోసా అని పిలిచేది దాన్నే. ఒకే ప్రాంతం నుంచి రెండు కుక్కలు వచ్చాయన్నమాట. మైదానంలో ఒకటి పెరిగి పేరు తెచ్చుకుంది, కొండల్లో రెండోది దాక్కుని బతికింది. మొదట్లో వేటకుక్కను కూడా తోసా అనే అనేవారు. రెండింటితో తికమక అవుతోందని వేటకుక్కకు దీవి పేరు పెట్టారు.

దేశవాళీ కుక్కలను కాపాడాలన్న ఆలోచన ఇద్దరు మనుషుల దగ్గర మొదలైందని చెప్పొచ్చు. ఒకరు జంతుశాస్త్రవేత్త వతాసే షోజాబురో. 1920లో ఆయన అకితా కుక్కలను పరిశీలించడానికి వాటి సొంత ఊరు ఒదాతే వెళ్లి, కలగలుపు మరీ ఎక్కువైందని గుర్తింపు ఇవ్వకుండానే తిరిగొచ్చారు. ఇక్కడ మనకు సంబంధించిన విషయం ఒకటుంది. 1910లో పాములను అదుపు చేస్తాయని మన గంగా డెల్టా ప్రాంతం నుంచి ముంగిసలను తెప్పించి ఒకినావాలో వదిలింది ఈయనే. ఆ ముంగిసలు పాముల కంటే అక్కడి ఎగరలేని పక్షుల మీదే ఎక్కువ పడ్డాయి. వాటిని ఏరివేయడానికి ఒకినావా ఈనాటికీ తంటాలు పడుతోంది. స్థానిక కుక్కల విలువను అంత ముందుగా గుర్తించిన మనిషే స్థానిక పక్షులకు అంత నష్టం తెచ్చాడు. సదుద్దేశం ఉన్నా, జంతువు ఏ పని మీద బతుకుతుందో సరిగా లెక్కవేయకపోతే ఏమవుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

రెండో వ్యక్తి సైటో హిరోకిచి. 1928లో నిహోన్ కెన్ హోజోన్‌కాయ్, అంటే జపాన్ కుక్కల సంరక్షణ సంఘం, స్థాపించింది ఆయనే. కొండ ఊళ్లన్నీ తిరిగి కుక్కలను చూసి, కొలతలు తీసుకున్నారు. షిబుయా స్టేషన్లో చనిపోయిన యజమాని కోసం ఎదురుచూస్తున్న హాచికో గురించి 1932లో అసాహీ పత్రికకు తెలియజేసి, ఆ కుక్కను దేశమంతటికీ పరిచయం చేసిందీ ఆయనే. ఆ కథ మనవాళ్లకూ బాగా తెలుసు. దాని వెనక ఉన్నది ఒక జాతి లెక్కల సర్వే అని మాత్రం చాలామందికి తెలియదు. అదే ఏడాది సంఘం టోక్యోలో తొలి ప్రదర్శన పెట్టింది. 1934లో అన్ని దేశవాళీ కుక్కలకూ కలిపి ఒకే ప్రమాణం రాసింది. పెద్దవి, మధ్యరకం, చిన్నవి అని మూడు తరగతులు చేసింది. 1930ల్లో జపాన్‌లో పెరిగిన జాతీయవాదం ఈ ఉద్యమానికి ఊపునిచ్చిందన్నది కూడా మర్చిపోకూడదు. ‘మన కుక్క’ అన్న అభిమానం లేకపోతే ఆ కాలంలో ప్రభుత్వం అంత చురుగ్గా కదిలేది కాదు.

అదే జాతీయవాదం తెచ్చిన యుద్ధం ఆ కుక్కలనే మింగింది. తిండి రేషన్ అయిన రోజుల్లో కుక్కకు ముద్ద పెట్టడం తప్పుపని అయింది. 1944 చివర్లో సైనికుల దుస్తులకు బొచ్చు కావాలని కుక్కలను అప్పగించమంటూ ప్రిఫెక్చర్లకు ఆదేశాలు వెళ్లాయి. గుర్తింపు ఉన్న జాతులకు, రిజిస్టర్ అయిన వేటకుక్కలకు మినహాయింపు రాసినా, ఊళ్లో ఇరుగుపొరుగు ఒత్తిడి ముందు ఆ మినహాయింపు అన్నిచోట్లా పనిచేయలేదు. యుద్ధం అయ్యాక డిస్టెంపర్ అనే కుక్కల అంటువ్యాధి వచ్చి మరికొన్నిటిని తీసుకెళ్లింది. దారుల్లేని కొండ ఊళ్లలో ఉన్నవే బతికి బయటపడ్డాయి.

ఆ మిగిలిన కొద్ది కుక్కలతోనే జాతులను మళ్లీ నిలబెట్టారు. దీనివల్ల వచ్చిన చిక్కు అర్థం కావాలంటే షిబాను చూడాలి. 1930లో షిమానే ప్రిఫెక్చర్‌లో పుట్టిన ఇషి అనే మగకుక్కను, షికోకు దీవి నుంచి తెచ్చిన కోరో అనే నల్లటి ఆడకుక్కతో కలిపారు. నేటి షిబాల్లో అధికశాతం వంశావళి వెనక్కి వెళ్తే ఆ జంట దగ్గరకు చేరుతుంది. షికోకు జాతిలోనూ ఇలాంటి పేర్లున్నాయి. యుద్ధం తర్వాత హాతా వంశం నుంచి చోషున్, హోంగావా వంశం నుంచి కుసు అనే మగకుక్కలు మూలస్తంభాలయ్యాయి. వాటిలో మంచి లక్షణాలు ఉన్నాయి కాబట్టే అందరూ వాటి సంతానాన్ని కోరుకున్నారు. అందులో తప్పేం లేదు. కానీ రెండు మూడు కుక్కల మీద ఒక జాతి అంతా ఆధారపడితే, వాటిలో కనబడకుండా దాగిన లోపాలు కూడా జాతి అంతటా పాకుతాయి.

లెక్క చూస్తే విషయం తేలికగా తెలుస్తుంది. అన్నాచెల్లెళ్లను కలిపితే పుట్టే పిల్లలో, ఒక జన్యువు తాలూకు రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడి నుంచి వచ్చే అవకాశం 25 శాతం. తండ్రి ఒకడే అయి తల్లులు వేరైన వాటిని కలిపితే 12.5 శాతం. పినతండ్రి పిల్లల్లాంటి సంబంధమైతే 6.25 శాతం. ఒక ప్రసిద్ధ మగకుక్క అందరి తాతా అయినప్పుడు, కాగితం మీద దూరంగా కనిపించే జంట కూడా నిజానికి దగ్గరి బంధువులే. సంఖ్య వందల్లో ఉన్నా, జన్యుపరంగా అసలు పాలుపంచుకునేవి పాతికే అయితే, తరం తరానికీ రెండు శాతం చొప్పున వైవిధ్యం పోతుంది. షికోకు జాతిలో ఏటా నమోదయ్యే పిల్లలు వందల్లోనే. కుక్కకు తరం అంటే నాలుగైదేళ్లు. యుద్ధం ముగిసి ఎనభై ఏళ్లు దాటింది.

దీని ఫలితం పక్క జాతుల్లో కనిపిస్తూనే ఉంది. హొక్కైడో కుక్కల్లో కోలీ జాతికి వచ్చే వంశపారంపర్య కంటి లోపం చాలా ఎక్కువగా ఉందని జన్యు పరీక్షల్లో తేలింది. షిబాల్లో జీఎం1 అనే ప్రాణాంతక నరాల జబ్బు ఉంది. దానికి పరీక్ష వచ్చాక, వాహకాలను, అంటే జబ్బు పైకి కనబడకపోయినా దాని జన్యువును మోసే కుక్కలను, గుర్తించి జతకట్టకుండా చూడటం సాధ్యమైంది. అయితే షిబాలు లెక్కకు ఎక్కువ. కొన్నిటిని పక్కన పెట్టినా జాతికి ఏమీ కాదు. షికోకు లాంటి చిన్న జాతిలో ప్రతి వాహకాన్నీ పక్కన పెడితే, దానితో పాటు ఇంకెక్కడా దొరకని మంచి జన్యువులూ పోతాయి. అందుకే చిన్న జాతుల్లో ‘లోపం ఉన్నదాన్ని తీసేయ్’ అన్న పద్ధతి కంటే, వాహకాన్ని ఆరోగ్యమైన దానితో కలిపి, పిల్లల్లో నుంచి ఎంపిక చేసుకోవడం మేలు.

ఇప్పుడు పని సంగతి. జపాన్ వేటగాళ్లలో ‘ఒక తుపాకీ, ఒక కుక్క’ అన్న పద్ధతి ఉంది. పది మంది కలిసి కొండను చుట్టుముట్టే వేటకు ఇది పూర్తిగా వేరు. తెల్లవారకముందే దేవదారు తోటల్లోకి వేటగాడు, అతని కుక్క వెళ్తారు. అడవిపంది రాత్రి మట్టిని పెళ్లగించిన చోటు, బురదలో పొర్లి చెట్టుకు ఒళ్లు రాసుకున్న గుర్తులు కుక్కకు చాలు. కాసేపు నేల వాసన పట్టి నడుస్తుంది, ఆపైన తల ఎత్తి గాలి వాసన పడుతుంది. అంతే, కంటికి కనబడదు. వేటగాడు నిలబడి వింటాడు. మొదటి అరుపు పంది లేచిందని. అరుపు కదులుతూ దూరమైతే పంది పరుగు తీస్తోందని. అరుపు ఒకేచోట, ఆగకుండా, గట్టిగా వినిపిస్తే పంది ఏదో బండకో చెట్టు వేళ్లకో వీపు ఆనించి నిలబడిందని. అప్పుడు నిటారు వాలు మీద చేతులూ కాళ్లూ ఆనించి పైకి ఎక్కాలి.

అసలు పరీక్ష ఆ కొద్ది నిమిషాల్లోనే. పంది తన మీదికి దూకినప్పుడు కుక్క పక్కకు తప్పుకోవాలి, తిరిగితే వెనక తొడను అందుకోవాలి. మరీ దూకుడు ఎక్కువైతే కోరకు పొట్ట చీలి చస్తుంది. మరీ వెనకాడితే పంది దాన్ని లెక్కచేయకుండా వెళ్లిపోతుంది. వేటగాడు చేరేదాకా, అది పావుగంటైనా గంటైనా, పందిని ఆ చోటే ఉంచాలి. మనిషి తుపాకీ ఎత్తగానే గుండు దారిలో ఉండకూడదు. ఇదంతా ఎవరూ చెప్పకుండా చేయాలి. వాసన, ధైర్యం, జాగ్రత్త, సొంత నిర్ణయం, యజమాని మీద ధ్యాస అన్నీ ఒకే కుక్కలో తగు పాళ్లలో కలవాలి. ఒకటి పెరిగి ఒకటి తగ్గితే పని చెడుతుంది. ఈ పాళ్లను శతాబ్దాల పాటు నిర్ణయించింది పంది కోరే. తూకం తప్పిన కుక్కలకు సంతానం ఉండేది కాదు.

ప్రదర్శనలో న్యాయనిర్ణేత ఏం చూస్తారు? పెదవి ఎత్తి 42 పళ్లూ ఉన్నాయా లేదా అని లెక్కపెడతారు. చెవుల వాలు, కళ్ల ఆకారం, తోక ముడి, బొచ్చు గరుకుదనం, నువ్వుల రంగు సమంగా పరుచుకుందా లేదా, ఎదురుగా ఇంకో కుక్క నిలబడితే బెదరకుండా నిలబడుతుందా అని చూస్తారు. ఈ చూపు తేలికైనది కాదు. అనుభవం ఉన్న నిర్ణేత నడకను బట్టే కీళ్ల బలం చెప్పగలరు. సంఘం ప్రమాణంలో కూడా ధైర్యం, మంచి స్వభావం, ఆడంబరం లేకపోవడం అన్న మూడు గుణాలను రూపం కంటే ముందు రాశారు. కానీ మైదానంలో తాడు చివర రెండు నిమిషాలు నిలబెట్టి చూసేది ఆ గుణాల పైపై ఛాయ మాత్రమే. పందిని చూసి ఏం చేస్తుందో అక్కడ తెలియదు.

ప్రదర్శనలను తప్పుపట్టడం ఇక్కడ ఉద్దేశం కాదు. 1950ల్లో ఆ ప్రదర్శనలే లేకపోతే, వాటికోసం కుక్కలను పోషించిన పట్టణ ఔత్సాహికులు లేకపోతే, ఈపాటికి షికోకు జాతి కూడా కోషి బాటలోనే పోయేది. అయితే ప్రదర్శనల వల్ల ఏమవుతుందో కిషూ కుక్కలో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఒకప్పుడు కిషూ కొండల్లో ఎరుపు, నువ్వుల రంగు, మచ్చల కుక్కలు కూడా ఉండేవి. ఒకే రంగు కావాలన్న నియమం వచ్చాక తెల్లవి గెలవసాగాయి, తెల్లవాటికే జతలు కుదిరాయి. ఇప్పుడు కిషూ అంటే తెల్ల కుక్కే. రంగుతో పాటు ఆ రంగులు మోసిన వంశాలు కూడా పోయాయి. పందిని నిలబెట్టడంలో రంగుకు ఏ పాత్రా లేదు. పనికి సంబంధం లేని కారణంతో జాతి జన్యు సంపదలో పెద్ద భాగాన్ని వదులుకున్నారు.

దేశవాళీ వరి వంగడాన్ని చలిగదిలో సీసాలో దాచడం వేరు, ఏటా చేలో వేసి తెగులుకూ వర్షాభావానికీ తట్టుకున్న కంకుల నుంచి విత్తనం తీసుకోవడం వేరు. షికోకు కుక్క ఇప్పుడు చాలావరకు సీసాలో ఉంది.

మరి చేలో వేయడానికి అవకాశం లేదా అంటే, విచిత్రంగా పందులకు కొరత లేదు. జపాన్ పల్లెలు ఖాళీ అవుతున్నాయి. కొండవాలు పొలాలు బీడు పడ్డాయి. అడవిపందులు, జింకలు ఊళ్లమీద పడుతున్నాయి. వన్యప్రాణుల వల్ల పంటనష్టం ఏటా 1,500 కోట్ల యెన్‌లకు పైనే ఉంటోంది. తగ్గింది వేటగాళ్లు. 1970ల మధ్యలో అయిదు లక్షలు దాటిన వేట లైసెన్సుదారులు ఇప్పుడు రెండు లక్షల పైచిలుకు మాత్రమే. వారిలో సగానికి పైగా అరవై దాటినవాళ్లు. కొత్తగా లైసెన్సు తీసుకునేవాళ్లు ఎక్కువగా ఉచ్చులకే తీసుకుంటున్నారు. బోను పెట్టి, తీగ ఉచ్చు బిగించి, రోజుకోసారి వెళ్లి చూసుకుంటే చాలు. ముసలివాళ్లకు అది సురక్షితం, ప్రభుత్వ ప్రోత్సాహమూ ఉంది. పంట కాపాడటానికి అది సరైన దారే. కానీ ఉచ్చుకు కుక్క అవసరం లేదు.

తుపాకీ వేట చేసేవాళ్లలోనూ చాలామంది గుంపు వేటకు బీగిల్, ప్లాట్ హౌండ్ లాంటి విదేశీ వాసన కుక్కలను, లేదా మిశ్రమ జాతులను వాడుతున్నారు. అవి గొంతెత్తి అరుస్తూ తరుముతాయి, అలవాటు చేయడం తేలిక. ఒంటరి వేటకు సరిపడే షికోకు కుక్కను తయారుచేయడానికి ఏళ్లు పడుతుంది. ఒక్క పంది దెబ్బకు ఆ శ్రమంతా పోవచ్చు. అందుకే వేటగాళ్లు కుట్లు వేసే సామాను సంచిలో పెట్టుకుని తిరుగుతారు, కుక్కకు కోర దిగని జాకెట్ తొడుగుతారు. అంత ఓపిక ఉన్నవాళ్లు ఎందరు మిగిలారన్నదే ఈ జాతికి అసలు టెన్షన్.

దేశవాళీ కుక్కకు కొత్త పని చూపించే అవకాశాన్ని జపాన్ సరిగా వాడుకోలేదు అనిపించే సందర్భం ఒకటుంది. నాగానో ప్రిఫెక్చర్‌లోని కరుయిజావాలో ఎలుగుబంట్లను ఊళ్లోకి రాకుండా తరమడానికి 2004 నుంచి కుక్కలను వాడుతున్నారు. పద్ధతి బాగా పనిచేసింది. కానీ ఆ కుక్కలు ఫిన్లాండ్ మూలాలున్న కరేలియన్ జాతివి, అమెరికా నుంచి తెచ్చినవి. శిక్షణ పొందిన వంశాలు, నేర్పేవాళ్లు అక్కడ సిద్ధంగా ఉన్నారు కాబట్టి అది అర్థం చేసుకోదగ్గ నిర్ణయమే. అయినా ఎలుగు వేటకు పేరుపడ్డ హొక్కైడో కుక్క సొంత ఇంట్లో ఉన్న దేశం ఆ పనికి బయటి కుక్కను తెచ్చుకోవాల్సి రావడం బాధ కలిగిస్తుంది. దేశవాళీ జాతుల్లో అలాంటి వంశాలను, అలాంటి శిక్షకులను పెంచడానికి ఇరవై ఏళ్ల సమయం ఉండింది. 2023 ఆర్థిక సంవత్సరంలో జపాన్‌లో 219 మంది ఎలుగుల దాడికి గురయ్యారు, ఆరుగురు చనిపోయారు. అవసరం తగ్గలేదు సరికదా, పెరుగుతోంది.

షికోకు దీవిలో ఎలుగుల కథ తిరగబడింది. అక్కడ త్సురుగి చుట్టుపక్కల ఇరవై చిల్లర మాత్రమే మిగిలాయి, వాటినే కాపాడాల్సిన పరిస్థితి. కాబట్టి అక్కడి కుక్కకు సరిపడే పని పందులు, కోతులు, జింకలను పొలాల నుంచి తరమడం. నాగానోలోని ఓమాచి పట్టణం 2005లో కోతులను తరిమే కుక్కల పథకం మొదలుపెట్టింది. రైతులు పెంచుకునే మామూలు కుక్కలకే శిక్షణ ఇచ్చారు. ఆ పద్ధతి తర్వాత ఇతర చోట్లకూ పాకింది. పందిని నిలబెట్టే తూకమంతా ఇందులో పరీక్షకు రాదు. అయినా వాసన, ధైర్యం, మాట వినడం అన్న మూడూ వస్తాయి. తాడు చివర నిలబెట్టడం కంటే ఇది చాలా నయం.

రక్తం విషయంలోనూ కఠిన నిర్ణయం ఒకటి ముందుంది. బయటి కుక్కకు చోటివ్వని, మూసిన వంశావళి పుస్తకంతో ఎంతకాలం? సముద్రపక్షుల వేటకు వాడిన నార్వే లుండెహుండ్ జాతి ఒకప్పుడు అరడజను కుక్కలకు పడిపోయింది. వాటి నుంచే మళ్లీ పెంచారు. పేగుల జబ్బు, సంతాన సమస్యలు జాతి అంతటా పాకాయి. చివరికి నార్వేవాళ్లు బుహుండ్ వంటి దగ్గరి జాతులతో, అధికారికంగానే, లెక్క రాసుకుంటూ కలపడం మొదలుపెట్టారు. షికోకు అంత దూరం పోలేదు. పోయేదాకా ఆగాల్సిన పనీ లేదు. ఒకప్పుడు దీవిలోని కొండ ఊళ్ల మధ్య కుక్కలు చేతులు మారుతూనే ఉండేవి. ‘స్వచ్ఛం’ అన్న మాట పుస్తకం వచ్చాకే అంత బిగిసింది. పరీక్షించిన వేటకుక్కలకు, రిజిస్ట్రేషన్ లేకపోయినా, నిర్ణేతలు చూసి, జన్యు పరీక్ష చేసి, పుస్తకంలో చోటిచ్చే దారి తెరవడం దీనికి మొదటి మెట్టు.

ఉత్తర అమెరికా, యూరప్‌లలో షికోకు కుక్కల్ని పెంచేవాళ్లు ఇప్పుడు కొద్దిమంది ఉన్నారు. దేశం దాటిన కుక్క జాతికి నష్టం అని కొందరు, బీమా అని కొందరు అంటారు. రెండూ ఒకే విషయం మీద ఆధారపడి ఉన్నాయి. అక్కడ పుట్టిన పిల్లల వివరాలు, ఆరోగ్య పరీక్షల ఫలితాలు తిరిగి జపాన్‌కు చేరితే అది బీమాయే. చేరకపోతే ఆ వంశాలు పోయినట్టే లెక్క. అకితా విషయంలో ఇదే జరిగింది. యుద్ధం తర్వాత అమెరికన్ సైనికులు తీసుకెళ్లిన కుక్కల సంతానం అక్కడ వేరే దారిలో పెరిగి, చివరికి వేరే జాతిగానే మిగిలిపోయింది.

ఇన్ని పనుల్లో ఆగకూడనిది ఒకటుంది. కోచి, తొకుషిమా కొండల్లో ఇంకా ఒంటరిగా పందివేట చేసే ముసలివాళ్ల దగ్గర పుస్తకంలో లేని స్థానిక కుక్కలు ఉండొచ్చు. ఆ వేటగాడు తుపాకీ దించిన ఏడాదికి ఆ కుక్కకు జత వెతికేవాళ్లు ఉండరు. ఆ ఇళ్లకు వెళ్లి, కుక్కను పని మీద చూసి, ఫొటోలు, కొలతలు, రక్త నమూనా, వీలైతే వీర్యం భద్రపరిచే పని సైటో హిరోకిచి 1928లో కాలినడకన మొదలుపెట్టిన సర్వే లాంటిదే. లైసెన్సుదారుల వయసు చూస్తే దానికి మిగిలిన వ్యవధి పదేళ్లకు మించదు.